శిలువ పండుగనాడు పిలిచిన పేరు

మా వేఫా పెళ్లెందుకు చేసుకోలేదో చెప్పడానికి ఊళ్లో తలా ఒక కథ ఉంది. మగవాళ్లంటే పడదని ఒకరు, మఠంలో చేరబోయి మానుకుందని ఇంకొకరు. అన్నీ పనీపాటా లేని మాటలు. అసలు సంగతి నాకు తెలుసు, నేను ఆమె పిన్ని కూతుర్ని. పక్క దీవిలో ఓడల రేవులో పనిచేసే సల్వు అనే మంచి మనిషి ఆమెను అడిగాడు. పెళ్లయ్యాక అక్కడికి వచ్చెయ్యమన్నాడు. "నువ్వు పోతే మళ్లను ఎవరు చూస్తారే?" అంది వాళ్లమ్మ. అంతే, వేఫా ఆగిపోయింది. సల్వు కొన్నాళ్లు చూసి చూసి ఇంకొకర్ని చేసుకున్నాడు. ఆ పెళ్లికి వేఫా వెళ్లి, చర్చిలో ముందు వరసలో కూర్చుని, అందరికన్నా గట్టిగా పాడింది. అంత పిచ్చిది.

మళ్లంటే ఉప్పు మళ్లు. మాల్టా దేశంలోని మా గోజో దీవి ఉత్తరపు ఒడ్డున పసుపురాతిని తొలిచి చేసినవి, ఎవరి తాతలు తొలిచారో ఎవరికీ తెలియదు. చలికాలం అలలు తెచ్చిపోసిన నాచునీ బురదనీ వసంతంలో గీకి కడగాలి. పెద్ద మళ్లలోకి సముద్రపు నీళ్లు ఎక్కించి, ఎండకు అవి చిక్కబడ్డాక చిన్న మళ్లలోకి వదలాలి. ఉప్పు తేరితే చీపురుతో ఊడ్చి కుప్ప చెయ్యాలి. దక్షిణపు గాలి ఎడారి దుమ్ము మోసుకొచ్చి ఒక్క పూటలో అంతా ఎర్రగా పాడుచేస్తుంది. తెల్లారకముందే లేచి వాకిట్లో నిలబడి, చెంప గాలికి పెట్టి, "ఇవాళ ఊడ్చెయ్యాలి" అనో "రేపటిదాకా ఆగుదాం" అనో వేఫా అనేది. వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి ఆ చీపురు ఆమె చేతిలోనే ఉంది. ఆమె మడమల పగుళ్లలో ఉప్పు దిగి ఎప్పుడూ మండుతూనే ఉండేది. అన్న ఫోన్జు ఏనాడూ అటు తొంగిచూడలేదు. వాడికి ఇస్త్రీ చొక్కాలూ, సంఘాలూ, మీటింగులూ.

ఆ రాతినేల సర్కారుది. కాగితాల మీద ఇప్పటికీ ఎవరో ముత్తాత పేరే ఉంది, దాన్ని మార్చే ఓపిక ఏ తరానికీ లేకపోయింది. అందుకని మాకు మా పద్ధతి ఉంది. మే మొదట్లో శిలువ పండుగనాడు ప్రతి కుటుంబమూ తన మళ్ల దగ్గర నిలబడుతుంది. ఇంటికి పెద్దయినవాళ్లు మొదటి బకెట్టు నీళ్లు పోసి, ఆ మళ్లు ఎవరివో పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు "విన్నాం" అంటారు. ఇక ఆ పేరు మారాలంటే ఆ మనిషి పోవాలి, లేకపోతే తన నోటితో తానే వదులుకోవాలి. కోర్టుకి వెళ్లినా మొదట అడిగేది ఇదే, "ఏ పేరు పిలిచారు?" అని.

వేఫా నాన్న పోయిన ఏడు వాళ్లమ్మ, అంటే మా పెద్దమ్మ వాంజలిస్టా, తన పేరే పిలుచుకుంది. అప్పటి నుంచి మళ్లు ఆమెవి, చాకిరీ వేఫాది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, వేఫా అసలే పట్టలేదు.

ఎనభయ్యో పుట్టినరోజున పెద్దమ్మ అందరి ముందూ మాట ఇచ్చింది. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను. ఫోన్జు ఉన్నాడు, వాడి కొడుకు క్లేటన్ ఉన్నాడు, కుందేలు కూర ఉంది. "నా పేరు ఇక చాలు. వచ్చే శిలువ పండుగకి వేఫా పేరు పిలుస్తాను" అంది. వేఫా గిన్నెలు కడుగుతూ వెనక్కి కూడా తిరగలేదు. "సరే అమ్మా" అని, చేతులు తుడుచుకుంటూ మేకలకి గడ్డి వేసే వంకతో పెరట్లోకి పోయింది. నేను వెళ్లి చూస్తే గోడకి ముఖం పెట్టి ఏడుస్తోంది.

"ఏడవడమెందుకే, మొద్దూ" అన్నాను.

"అడగకుండానే ఇచ్చింది చెన్సా. నేను నోరు తెరిచి అడగలేదు" అంది.

ఆ తర్వాతే చైనా పిలుపు వచ్చింది. హైనాన్ అనే దీవిలోనూ మాలాగే రాతిని తొలిచి ఉప్పు పండించే పాత ఊరొకటి ఉందట. మన పెద్దలూ వాళ్ల పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒకే పని నేర్చారనీ, ఇది పురాతన చుట్టరికమనీ ఫోన్జు కూర్చున్న సంఘం ఒకటి గొప్పగా చెప్పింది. ఇక్కణ్ణించి ఒక ఉప్పు మనిషిని అక్కడికి, అక్కణ్ణించి ఒకరిని ఇక్కడికి పంపాలని, సినిమా కూడా తీయాలని తీర్మానించారు. ఇక్కడి మనిషిగా వేఫానే పంపుతామన్నాడు ఫోన్జు. తేదీలు చూస్తే శిలువ పండుగ మధ్యలో పడింది.

"నేను పోను. ఆ రోజు నేనిక్కడ ఉండాలి" అంది వేఫా.

"నువ్వుండి ఏం చేస్తావే? పోసేది నేను, పిలిచేది నేను" అంది పెద్దమ్మ. "నీ జన్మలో పడవ తప్ప ఏదీ ఎక్కలేదు. పోయి నాలుగూళ్లు చూసిరా. నా నాలుక ఇంకా పనిచేస్తూనే ఉంది."

"నువ్వే పిలుస్తావుగా?"

"నేను గాక మీ అన్న పిలుస్తాడా? పిచ్చి మొహమా, పో."

ఒక్కతే విమానం ఎక్కదంటే నన్ను తోడు పంపారు.

ఆ ఊళ్లో రాయి నల్లగా ఉంది. బల్లలంత బండలకి పైన చదునుగా చెక్కి, అంచుకి వేలెడంత గట్టు వదిలారు. వాళ్లు నేరుగా సముద్రాన్ని ఎండబెట్టరు. ఇసకను ఎండబెట్టి, దాని మీద నీళ్లు పోసి, వడగట్టి, ఆ చిక్కటి నీళ్లను బండల మీద పోస్తారు. మాకు ఆశ్రయమిచ్చిన గుయ్‌లియన్ అనే ఆవిడకీ వేఫాకీ ఇంచుమించు ఒకే వయసు. మొదటి రోజే ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు తిప్పి చూసుకున్నారు. గుయ్‌లియన్ చిటికెడు ఉప్పు పెడితే వేఫా నాలుక మీద వేసుకుని పెదవి విరిచింది. మా ఉప్పు పొట్లం విప్పి ఇస్తే గుయ్‌లియన్ కూడా అలాగే పెదవి విరిచింది. దుబాసీగా వచ్చిన టీచరమ్మ కంగారుపడి "బాగుందంటోంది" అని మొదలుపెట్టింది.

"అబద్ధాలాడకమ్మా, మాకు తెలుస్తోందిలే" అంది వేఫా.

ఆ పూట నుంచి ఇద్దరూ కవలల్లా తిరిగారు. మాటలక్కర్లేదు. ఒకామె బకెట్టు ఎత్తితే రెండో ఆమె పక్కకి జరిగేది. ఒకసారి మబ్బు పట్టిందని గుయ్‌లియన్ కంగారుగా అన్నీ ఎత్తబోతే వేఫా చెంప గాలికి పెట్టి ఒద్దని చెయ్యి ఊపింది. వాన భేషుగ్గా పడింది, ఉప్పంతా పోయింది. అక్కడి గాలి వేరు మరి. గుయ్‌లియన్ దాన్ని తలచుకుని మేం వెళ్లేదాకా నవ్వుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం జావ తాగుతూ, ఈ బండలు నీవేనా అని వేఫా అడిగింది. గుయ్‌లియన్ తల అడ్డంగా ఊపింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఊడ్చేది తనే. కానీ బండలు భర్త వంశానివి. భర్త పోయాడు, ఇద్దరూ ఆడపిల్లలే, అందుకని అవి బావగారి కొడుక్కి వెళ్లాయి. ఆ కుర్రాడు పట్నంలో ఫోన్లు అమ్ముకుంటున్నాడు. "వంశం గుడి గోడ మీద పేర్లున్నాయి. అందులో నాది ఉండదు. నేను పోయినా ఉండదు" అందట. టీచరమ్మ తల వంచుకుని చెప్పింది.

వేఫాకి ఆ మాట గుచ్చుకుంది. తన సంగతి చెప్పకుండా ఉండలేకపోయింది. "మా దగ్గర అలా కాదు. ఈ నెలలోనే మా అమ్మ నా పేరు పిలుస్తుంది. ఊరంతా వింటుంది" అంది.

గుయ్‌లియన్ గిన్నె కింద పెట్టింది. "అమ్మే పిలుస్తుందా? నీ పేరునా? అన్న ఉండగానా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ప్రతిసారీ వేఫా అవునంది. శిలువ పండుగ రానే వచ్చింది. ఆ పొద్దున గుయ్‌లియన్ కూతుళ్లిద్దర్నీ పట్నం నుంచి రప్పించింది. బండల దగ్గర వాళ్లని నిలబెట్టి, బకెట్టు వేఫా చేతికిచ్చి, పొయ్యమంది. వేఫా నీళ్లు పోసింది. వచ్చీరాని ఉచ్చారణతో గుయ్‌లియన్ తన అతిథి పూర్తి పేరును అరిచింది, "జె-నో-వే-ఫా" అని. కూతుళ్లు చప్పట్లు కొట్టారు. అక్కడి సినిమావాళ్లు అదంతా తీసుకున్నారు. వేఫా ముఖం నేను అంత వెలుగుతో ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం వేఫా వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

"అయిందా అమ్మా?"

"అయింది తల్లీ. చక్కగా జరిగింది. ఫాదర్ వచ్చాడు, గాలి కూడా లేదు. నువ్వు వేళకి తింటున్నావా?"

"తింటున్నానమ్మా."

వేఫా ఫోన్ గుండెకి ఆనించుకుని కూర్చుంది. నేను కూడా సంతోషించాను. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

తిరిగొచ్చిన రోజు సామాను ఇంట్లో పడేసి నేరుగా మళ్లకి నడిచాం. గట్టున కొత్త బోర్డు పాతి ఉంది. మాల్టా జెండా, చైనా జెండా, మధ్యలో వేఫా ముఖం, చీపురు పట్టుకుని నవ్వుతున్న ఫొటో. దాని కింద క్లేటన్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఒక బస్సెడు యాత్రికులకి రాళ్లు చూపిస్తున్నాడు. వాళ్లు బూట్లతో మళ్లలో దిగి ఉన్నారు.

"బూట్లు తీయించరా" అంది వేఫా మొదట. ఆ తర్వాత "ఇదంతా ఎవరి మాట మీద?" అంది.

క్లేటన్ కళ్లద్దాలు నెత్తికి ఎక్కించుకున్నాడు. "నాన్న నీకు చెప్పలేదా అత్తా? పేరు నాదే పిలిచారు."

ఫోన్జు తన ఇంటి వాకిట్లోనే దొరికాడు. ముందే అనుకుని ఉంచుకున్నట్టు మాట గబగబా అప్పజెప్పాడు. "అమ్మకి ఆ రోజు కళ్లు తిరిగాయి. లేవలేకపోయింది. నువ్వు దూరాన కంగారుపడతావని ఫోన్లో చెప్పలేదు. ఇంటికి పెద్దవాణ్ణి కాబట్టి నేనే పిలవాల్సి వచ్చింది. నా నోట్లో నా కొడుకు పేరు వచ్చింది. ఏం చెయ్యమంటావ్?"

"నా పేరు నీ నోట్లోకి రాలేదా?"

"నువ్వెక్కడో చైనాలో ఉన్నావు."

"దాన్ని పంపిందెవర్రా?" అని నేను మీదికి వెళ్లాను. నమ్మించి గొంతు కోశావన్నాను, ఏరు దాటి తెప్ప తగలేశావన్నాను, ఇంకా చాలా అన్నాను, ఫాదర్ వినకూడనివి. వాడు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తల వంచుకుని పడ్డాడు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడనుకున్నాను.

"క్లేటన్‌ని వదులుకోమను" అంది వేఫా.

"వాడు వదులుకోడు."

నిజంగానే వదులుకోలేదు. పైగా ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు వారం తిరక్కుండానే ఆమె గడపకొచ్చాడు. "అత్తా, ఆదివారాలు వచ్చి కాసేపు చీపురు పట్టుకుని నిలబడవా? బోర్డు మీద నీ ముఖం చూసి అందరూ నిన్నే అడుగుతున్నారు."

వేఫా తలుపేసేసింది. కొండ మీది హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. ఆ కిటికీలోంచి మళ్లు కనిపిస్తాయని, ఎండ కంట్లో పడుతోందని చెప్పి తెర లాగేసుకునేది. అన్నతో మాట్లాడటం మానేసింది. వాడు చర్చిలో ఎడమ వైపు కూర్చుంటే ఆమె కుడి వైపు కూర్చునేది. నేనైతే వాడు కనబడితే ఉమ్మేసేదాన్ని.

కానీ పక్క వీధిలో ఉండే వాళ్లమ్మ దగ్గరికి రోజూ వెళ్లేది. మధ్యాహ్నం సూప్, రొట్టె, గొర్రెపాల జున్ను పట్టుకెళ్లి, పక్కన కూర్చుని తినిపించి, తన గోడంతా అక్కడే వెళ్లబోసుకునేది. నేను చాలాసార్లు చూశాను. "నీకు ఆ పూట కళ్లు తిరక్కపోతే నాకీ గతి పట్టేది కాదమ్మా" అనేది. పెద్దమ్మ ఆమె జుట్టు నిమిరేది. "ఏం చేస్తాం తల్లీ. నా ఖర్మ. మంచం మీద ఉండి ఏం చెయ్యగలను? మీ అన్నది రాతి గుండె" అనేది. వేఫా ఆ ఒళ్లో తల పెట్టుకునేది. ఆ వేసవంతా ఆమెను నిలబెట్టింది ఆ ఒళ్లే.

సెప్టెంబరులో చైనా నుంచి అతిథులు వచ్చారు. గుయ్‌లియన్ వచ్చింది, టీచరమ్మ వచ్చింది. చర్చి పక్కన హాల్లో సభ పెట్టారు. వేఫా రానంది, గుయ్‌లియన్ కోసం వచ్చింది. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. సంఘం అధ్యక్షుడు లేచి వేల ఏళ్ల చుట్టరికం గురించి మాట్లాడి, రెండు దీవుల సినిమా ఇప్పుడు చూద్దామన్నాడు. మా ఊళ్లో తీసింది రాజధాని నుంచి వచ్చిన కుర్రాడు, వాడికి మా ఊరి సంగతులేం తెలుస్తాయి? ఫోన్జు మాత్రం ముందు వరసలోంచి లేచి వాడి దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో అన్నాడు. "పూర్తిగా చూపిస్తేనే బాగుంటుంది సార్" అని ఆ కుర్రాడు దీపాలు ఆర్పేశాడు.

మొదటి సగం హైనాన్. నల్ల బండలు, వేఫా నీళ్లు పొయ్యడం, గుయ్‌లియన్ అరవడం. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. రెండో సగం మా ఒడ్డు, శిలువ పండుగ పొద్దు. ఊరంతా మళ్ల చుట్టూ నిలబడి ఉంది. మధ్యలో మా పెద్దమ్మ ఉంది. నల్ల గౌను వేసుకుని, నిటారుగా నిలబడి ఉంది. కళ్లూ తిరగలేదు, కాళ్లూ తిరగలేదు. పక్కన ఫోన్జు ఆమె మోచెయ్యి పట్టుకుని "అమ్మా, వేఫాకి మాటిచ్చావు" అంటున్నాడు, అది కూడా స్పష్టంగా వినబడింది. ఆమె చెయ్యి విదిలించుకుంది. బకెట్టు తనే ఎత్తి నీళ్లు పోసింది. "క్లేటన్" అంది. గొంతు గంటలా మోగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత "విన్నాం" అన్నారు. చేపలమ్మే కాటరీనా అన్నది, రొట్టెల కొట్టు జనమన్నారు, పిల్లల జ్ఞానస్నానం అప్పుడు వేఫాని జ్ఞానతల్లిగా కొవ్వొత్తితో నిలబెట్టినవాళ్లన్నారు. ఆమెకి చెప్పొద్దని పెద్దమ్మ అందరి చేతా ఒట్టేయించుకుందట, నాకు తర్వాత తెలిసింది.

గుయ్‌లియన్ తెర వైపు వేలు చూపించి టీచరమ్మని ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అంది వేఫా.

"ఆమె... మీ అమ్మగారేనా అని."

"అవునని చెప్పు. మా అమ్మే."

గుయ్‌లియన్ వేఫా చెయ్యి పట్టుకుంది. తన భర్త వంశం గుడి గోడని చూసిన మనిషి, ఆమెకి అనువాదం ఎందుకు? చుట్టరికమట, చుట్టరికం. ఉంది, ఎందుకు లేదు? అక్కడా ఇక్కడా ఊడ్చేది ఆడది, పిలిచేది మగపిల్లాడి పేరు. ఆ అధ్యక్షుడు ఇంత ఉపన్యాసం ఇచ్చి ఈ ఒక్క ముక్క వదిలేశాడు.

ఫోన్జు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "తిట్లు నేను పడతానన్నాను వేఫా. అమ్మ అడిగింది" అన్నాడు. కొడుక్కి మళ్లొచ్చాయి కాబట్టి పడ్డాడు, ఊరికే పడలేదు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించను. వేఫా వాడి పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. నేను వెనకే పరిగెత్తాను.

పెద్దమ్మ కిటికీ దగ్గర బఠానీలు ఒలుస్తోంది. మా ముఖాలు చూడగానే చెయ్యి ఆగింది. సినిమా సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వే పిలిచావు" అంది వేఫా.

"పిలిచాను." ముసలావిడ ఒక బఠానీ కాయ తీసుకుని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. "నీ తర్వాత ఎవరే? నీకు పిల్లా జెల్లా? నీతో ఆగిపోతుంది. వాడికైతే రేపు పిల్లలు పుడతారు. మీ నాన్న పోయినప్పటి నుంచి నా మనసులో ఉన్నది ఇదే. వాడు పెద్దవాడయ్యేదాకా నువ్వు చూసుకున్నావు. చక్కగా చూసుకున్నావు, కాదనను."

"నాకు పిల్లలెందుకు లేరమ్మా? సల్వుతో వెళ్లొద్దంది ఎవరు?"

పెద్దమ్మ ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది.

"సరే. క్లేటన్‌కే ఇవ్వాలనుకున్నావు, ఇచ్చుకో. నాకు మాటెందుకు ఇచ్చావు?"

"ఆ ఏడు చలికాలం నువ్వు పనిమీద మనసు పెట్టడం లేదు. మోకాళ్ల నొప్పులంటున్నావు. మళ్లు కడగాలి కదా."

నేను నోరు తెరవబోయాను. వేఫా చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె గొంతు పెరగలేదు, దానికే నాకు భయమేసింది.

"వేసవంతా నీ ఒళ్లో పడి మా అన్నని తిట్టాను. నువ్వు నా జుట్టు నిమిరావు. అప్పుడైనా చెప్పొచ్చుగా, నేనే పిలిచానని? వాడి మీదికెందుకు తోశావు?"

పెద్దమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులో సిగ్గు లేదు, కోపం లేదు. తెలివితక్కువ ప్రశ్న అడిగిన పిల్లని చూసినట్టు చూసింది.

"వాడి మీద కోపం వస్తే నువ్వు వాడితో మాట్లాడవు, అంతే కదా" అంది. "నా మీద వస్తే నాకు తిండి ఎవరు పెడతారే?"

వేఫా వంగి అమ్మ ఒళ్లో చెదిరిన బఠానీ తొక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి బయటికి నడిచింది.

గుయ్‌లియన్ మిగిలిన రోజులన్నీ వేఫా ఇంట్లోనే ఉంది. ఇద్దరూ ఒడ్డు వైపు వెళ్లలేదు. వెళ్లేరోజు రేవులో వేఫా మెడ కావలించుకుని ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది, టీచరమ్మ దూరంగా ఉంది, ఏం చెప్పిందో మాకు తెలియదు.

పెద్దమ్మ ఇంకా ఉంది. వేఫా ఇంకా హోటల్లో దుప్పట్లు ఉతుకుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి గిన్నె పట్టుకుని అమ్మ ఇంటికి వెళ్తుంది. నేను అడ్డం పడి చూశాను, "క్లేటన్ పెట్టుకోనీవే, వాడికేగా ఇచ్చింది" అని. వినలేదు. గిన్నె బల్ల మీద పెడుతుంది, చెంచా పక్కన పెడుతుంది, రొట్టె ముక్కలు చేస్తుంది. కూర్చోదు. "కాసేపు ఉండవే, తల్లీ" అని ముసలావిడ రోజూ పిలుస్తుంది. వేఫా తలుపు దగ్గరగా వేసి పనికి వెళ్లిపోతుంది.